గట్టుమీది చెట్టు – చేని లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమున నేను భారతమును గూర్చియో, భాగవతమును గూర్చియో ప్రసంగింతునని మీలో పలువురు తలచియుందురు. ఆ గ్రంథములయందు నాకు భక్తి కలదు. అయినను నేటికి నేను ఎన్నుకొనిన విషయము చేనిగట్టు. కొన్నేండ్లుగా మన పొలములలో గట్టుమీది చెట్లు వేగముగా తొలగిపోవుచున్నవి. ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని కొన్ని, పైరుమీద నీడ పడుచున్నదని కొన్ని, కౌలు చేతులు మారినపుడు కలప కొఱకు కొన్ని నేల గూలుచున్నవి. చెట్టు పోయిన యేడే పంట తగ్గదు. కావున ఆ నష్టమును ఎవరును లెక్కవేయరు. లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక ఆ లెక్కను మీ యెదుట విప్పి చూపవలెనని నా కోరిక.

ముందుగా నేలయందు "ఉన్నది" ఎంత, పైరునకు "అందునది" ఎంత యను భేదమును గ్రహింపవలెను. ఈ రెండును ఒకటియేయని తలచుట వలననే మన సేద్యమున పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి.

పైరునకు అవశ్యకములైన మూలపదార్థములు 17 అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అందు కర్బనము, ఉదజని, ప్రాణవాయువు అను మూడును గాలివలనను నీటివలనను లభించును. తక్కిన 14 ప్రధానముగా వేళ్ల ద్వారా నేలనుండి రావలెను. నత్రజని, భాస్వరము, పొటాషియము అధికముగా కావలెను. కాల్షియము, మెగ్నీషియము, గంధకము మధ్యమముగా కావలెను. ఇనుము, జింకు, బోరాను మొదలగునవి చిటికెడు చాలును. అయితే ఆ చిటికెడు లేనిచో బస్తాలకొలది వేసిన తక్కిన ఎరువు నిష్ఫలమగును. ఏది అన్నిటికంటె కొఱతగా నున్నదో అదియే పంటకు హద్దు గీయును. ఈ న్యాయమును జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 19వ శతాబ్దమున లోకమునకు చాటెను.

ఇపుడు లెక్కకు వత్తము. ఒక ఎకరమున అరయడుగు లోతువఱకు గల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. మన చెలకలవంటి నేలలో సేంద్రియ కర్బనము నూటికి అరపాలు ఉన్నదనుకొందము. అనగా 4,500 కిలోలు. దానితో కూడియుండు నత్రజని సుమారు 400 కిలోలు. ఎకరమునకు 2 టన్నుల వడ్లు పండుటకు కావలసిన నత్రజని 30 మొదలు 40 కిలోలు. పెట్టెలో 400 ఉండగా 40కి లోటేమని మీరడుగవచ్చును. ఆ 400లో ఒక సంవత్సరమున కుళ్లి, కరగి, వేరునకు అందు రూపమునకు వచ్చునది నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే. అనగా 8 మొదలు 12 కిలోలు. అసలు నేలది, వడ్డీ పైరుది. అసలు పెరిగినగాని వడ్డీ పెరుగదు. మనది ఉష్ణదేశము. ఎండవేడికి సేంద్రియ పదార్థము త్వరగా హరించిపోవును. కావున ఏటేట అసలునకు కొంత చేర్చనివాడు కొంతకాలమునకు వడ్డీయును పోగొట్టుకొనును.

భాస్వరము కథ ఇంకను విచిత్రము. నేలలో మొత్తము భాస్వరము ఎకరమునకు వందలకొలది కిలోలు ఉండవచ్చును. పైరునకు అందునది ఏ నాలుగో, పదియో కిలోలు. ఎఱ్ఱనేలలో ఇనుమును అల్యూమినియమును దానిని పట్టి బంధించును. నల్లరేగడిలో సున్నము బంధించును. మనము వేసిన ఎరువులోని భాస్వరమునందును చాల భాగము మొదటి యేట పైరునకు అందదు. ఇది ఇనుపపెట్టెలోని ధనము వంటిది. ధనము లేక కాదు, తాళపుచెవి లేక ఇబ్బంది.

ఈ లెక్కలో చెట్టు చేయు పనులు మూడు.

మొదటిది, గాలిలోని నత్రజనిని నేలకు దింపుట. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను ఏ పైరును దానిని నేరుగా గ్రహింపలేదు. కాయధాన్యపు జాతి మొక్కల వేళ్లమీది బుడిపెలలో సూక్ష్మజీవులు కాపురముండి ఆ పని చేయునని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కానుగ, అవిసె, నల్లతుమ్మ, జమ్మి, గ్లిరిసిడియా ఈ పని చేయగలవు. కాయ చిక్కుడువలె నున్నంతమాత్రమున ప్రతి చెట్టును చేయునని తలపరాదు. చింత, రేల, తంగేడు కాయలు కాయునుగాని వాని వేళ్లకు ఆ బుడిపెలు లేవు. సరుగుడు ఆ జాతికి చెందకున్నను వేఱొక సూక్ష్మజీవి సాయముతో నత్రజనిని సంపాదించును.

రెండవది, లోతునుండి తోడుట. వాననీటితో కలిసి పైరువేళ్లకు అందని లోతునకు దిగిపోయిన నత్రజనిని, తదితర లవణములను చెట్టువేరు తిరిగి పైకి తెచ్చి ఆకులో నిలుపును. మొక్కజొన్న వేళ్లకు దిగువను పేరుకొనిన నత్రజనిని జీలుగు జాతి చెట్టు తోడుకొనుట పశ్చిమ కెన్యా దేశమున జరిపిన పరిశోధనలలో వెల్లడియైనది.

మూడవది, బంధమును విప్పుట. రాలిన ఆకు కుళ్లునపుడు పుట్టు ఆమ్లములు ఇనుమును అల్యూమినియమును తామే పట్టుకొని, భాస్వరమును కొంత విడిపించును. ఆకులోనే యున్న భాస్వరము కుళ్లినకొలది కొంచెము కొంచెముగా వచ్చును గనుక, నేల పట్టుకొనులోపల వేరునకు దొరకు అవకాశము కలుగును. నేల గుల్లయై నీటిని నిలుపును. వానపాములు చేరును. ఆరిన నేలలో ఏ లవణమును వేరువద్దకు నడిచి రాలేదు. కావున తేమ నిలుపుటయును ఆహారము నందించుటయే.

ఈ మూడింటిలో మొదటిది మాత్రమే నిజమైన కొత్త రాబడి. రెండవది మొండిబాకీ వసూలు. మూడవది ఇనుపపెట్టె తెఱచుట. అడవినుండి ఆకు నఱికి తెచ్చి మడిలో తొక్కినచో అది రాబడి కాదు. అడవి ఖాతాలో ఖర్చు, మడి ఖాతాలో జమ. మొత్తము ఏమియు పెరుగలేదు. ఈ వివేకము లేకనే కొందఱు చెట్టు అన్నియు ఇచ్చుననియు, మఱికొందఱు ఏమియు ఇయ్యదనియు వాదించుచుందురు.

మన పూర్వులకు ఈ విషయము బొత్తిగా తెలియదనుట సరికాదు. 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, తోట వేయబోవు నేలలో ముందు నువ్వులు చల్లి, పూతకు వచ్చినపుడు వానిని అచ్చటనే తొక్కివేయవలెనని విధించెను. నేడు మనము జీలుగును, జనుమును, పిల్లిపెసరను పూతదశలో కలియదున్నుట ఆ కోవలోనిదే. నువ్వునకు నత్రజని బుడిపెలు లేవు గనుక జీలుగు అంతకంటె మేలు. పద్ధతి పాతది, పైరు ఎంపిక కొత్తది. శాస్త్రమునకును సంప్రదాయమునకును ఇట్టి సంధి కుదురుట సంతోషము.

జమ్మిచెట్టును చూడుడు. పాండవులు తమ ఆయుధములను దాచినది శమీవృక్షముమీదనే. తిక్కన సోమయాజి విరాటపర్వము చదివినవారికి ఆ ఘట్టము సుపరిచితము. దసరానాడు జమ్మియాకును బంగారమని పంచుకొందుము. తెలంగాణ రాష్ట్రము దానిని రాష్ట్రవృక్షముగా చేసికొన్నది. రాజస్థానపు ఎడారిసీమలో ఆ చెట్టునే ఖేజ్రీ యందురు. అచ్చటి రైతు చేనినడుమ దానిని నిలుపుకొని సజ్జ పండించును. దాని వేరు మిక్కిలి లోతునకు పోవును. ఆకు సన్నము గనుక నీడ పలుచన. ఏటేట కొమ్మలు కొట్టి పశువులకు మేపుదురు. ఆ చెట్టు క్రింది మట్టిలో సేంద్రియ కర్బనమును నత్రజనియును బయటి మట్టికంటె అధికముగా నుండునని పరిశోధకులు చూపిరి. మనము పూజించి బంగారమను ఆకును వారు సేద్యపు లెక్కలో చేర్చుకొనిరి.

ఆఫ్రికాఖండమున సెనెగల్ మొదలు మలావీ వఱకు ఫైదర్బియా అను తుమ్మజాతి చెట్టు కలదు. అది వానకాలము రాగానే ఆకు రాల్చి, ఎండకాలమున చిగిర్చును. పైరు ఎదుగు కాలమున దానికి నీడ లేదు, నీటికై పోటీ యును తక్కువ. రాల్చిన ఆకు సరిగా విత్తుకాలమునకు చేనికి ఎరువగును. నైజర్ దేశమున మరాడీ, జిందర్ ప్రాంతముల రైతులు 1980 దశకము నడుమనుండి, చేలలో తమంత తామే మొలిచిన మోళ్లను నఱుకక, కొమ్మలు సవరించి పెంచసాగిరి. కొత్తగా నాటినవి తక్కువ, కాపాడినవి ఎక్కువ. అట్లు చెట్లు తిరిగి వచ్చిన భూమి సుమారు 50 లక్షల హెక్టారులని అంచనా. అంతకుముందు చెట్టు సర్కారుదను భావముండెడిది. కావున రైతునకు దానియందు మమకారము లేకుండెను. చెట్టు తనదని నమ్మిన పిమ్మట దానిని కాపాడెను. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మరల దీని ప్రసక్తి వచ్చును.

ఇంతవఱకు చెప్పినది చెట్టు పక్షము. ప్రతిపక్షమును వినిపింపకున్నచో లెక్క పూర్తి కాదు.

1970 దశకమున నైజీరియా దేశపు ఇబాదాన్ పరిశోధన కేంద్రమున ఒక పద్ధతిని రూపొందించిరి. సుబాబులు వంటి చెట్లను చేనిలో వరుసలుగా నాటి, ఆ వరుసల నడుమ పైరు వేసి, కొమ్మలు నఱికి పైరునకు ఎరువుగా వేయుట ఆ పద్ధతి. వానలు సమృద్ధిగా గల చోట అది ఆశలు రేకెత్తించెను. 1980 దశకమున మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ క్షేత్రములలో దానిని మెట్టపైరులతో పరీక్షించిరి. ఫలితము వేఱుగా వచ్చెను. సుబాబులు వేళ్లు పైరువేళ్లతో తేమకై పోటీపడెను. వరుస దగ్గరి పైరు దెబ్బతినెను. ఆకు ఇచ్చిన నత్రజనికంటె వేరు త్రాగిన నీటి విలువ అధికమయ్యెను. కాన చెట్టు మంచిదే గాని, ఏ నేలలో, ఎంత దూరమున, ఎంత ఎత్తున అనునది తెలియవలెను. గట్టుమీద జామాయిల్ వేసి ప్రక్కచేను ఎండిపోయెనని ఏడ్చు రైతు మాట అబద్ధము కాదు.

ఆకులన్నియు ఒకే తీరువి కావు. ఎండిన ఆకులో నత్రజని నూటికి రెండున్నర పాళ్లకు మించి, పీచును వగరును తక్కువగా నున్నచో అది కొలది వారములలోనే కుళ్లి పైరునకు అందును. గ్లిరిసిడియా యాకు ఇట్టిది. అందు నత్రజని సుమారు 3 పాళ్లు. మామిడి, జామాయిల్, సరుగుడు ఎండుటాకులు అట్టివి కావు. వానిని మడిలో కలిపినచో, కుళ్లించు సూక్ష్మజీవులు ముందుగా నేలలోని నత్రజనినే ఆరగించును. పైరు కొంతకాలము పచ్చబడిపోవును. అట్టి ఆకును ఎరువుగుంటలో మాగబెట్టవలెను, లేదా మొక్క మొదట కప్పుగా పఱువవలెను.

ఇక మన గట్టు లెక్క. చదరమైన ఎకరపు చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. గట్టు పొరుగువానితో పంచుకొనునది గనుక 150 మీటర్లు మన వంతనుకొందము. ముప్పాతిక మీటరునకు ఒకటి వంతున 200 గ్లిరిసిడియా మొక్కలు పట్టును. బాగుగా ఎదిగిన పిదప ఒక్కొక్కటి ఏటికి రెండు కోతలలో మొత్తము 5 కిలోల పచ్చియాకు ఇచ్చెననుకొన్నచో 1,000 కిలోలు. ఎండిన లెక్కన 220 కిలోలు. అందలి నత్రజని 6½ కిలోలకు పైబడును. అనగా సుమారు 14 కిలోల యూరియాలోని నత్రజనితో సమానము. 45 కిలోల బస్తాలో మూడవవంతు కూడ నిండదు. ఇంతేనాయని నిరాశపడకుడు. యూరియా ఆ పైరుతో సరి, ఆకు అసలునకు చేరును. యూరియాలో నత్రజని తప్ప మఱియొకటి లేదు. ఆకులో పొటాషియము, కాల్షియము, సూక్ష్మ పోషకములు కొంత కొంత కలవు.

అయితే భాస్వరపు గడిని చూడుడు. ఆ 220 కిలోల ఆకులో భాస్వరము అరకిలో కూడ ఉండదు. 2 టన్నుల వడ్లతో నేలనుండి తరలిపోవునది సుమారు 5 కిలోలు. చెట్టు దీనిని తీర్పలేదు. జింకు లేని నేలలో చెట్టు జింకును సృష్టింపలేదు. కావున చెట్టున్నది గదాయని ఎరువు పూర్తిగా మానుమని నేను చెప్పుటలేదు. నత్రజనిలో కొంత తగ్గింపుడు. భాస్వరమును జింకును భూసార పరీక్ష చూచి వేయుడు. పశువులపేడను చేనికి చేర్పుడు. చెట్టు ఆ ఖర్చును వ్యర్థము కానీయక నిలుపును.

నాటుటలో కొన్ని జాగ్రత్తలు గలవు. మెట్టచేలకు కొమ్మకంటె గింజమొక్క మేలు. దాని తల్లివేరు లోతునకు దిగును. తొలకరిలో నాటవలెను. నిలద్రొక్కుకొనిన పిదప మీటరు ఎత్తున కొట్టుచు, పొదవలె ఉంచవలెను. ఎత్తుగా పోనిచ్చినచో నీడ పడును, పొరుగువానితో తగవు వచ్చును. మాగాణిలో నాట్లకు ముందు ఆకు కోసి దమ్ములో తొక్కి, వారము దినములు మాగనిచ్చి పిదప నాటవలెను. పచ్చియాకు కుళ్లు వేళ లేతనారు వేళ్లకు హాని కలుగవచ్చును. మెట్టలో ఆకును మట్టితో కలిపిననే ప్రయోజనము అధికము. ఎండలో పడియుండిన ఆకులోని నత్రజని కొంత గాలి పాలగును. ఇల్లు అలకగానే పండుగ కాదు. నాటుట ఒక దినపు పని, కోసి కలుపుట ఏటేటి పని.

ఇపుడు కఠినమైన విషయమునకు వచ్చితిని. మన యూరి భూమిలో చాల భాగము కౌలుమీద సాగుచున్నది. కౌలు ఏడాదికి. చెట్టు తగినంత ఆకు నిచ్చుట రెండవ మూడవ యేట. వచ్చు సంవత్సరము ఆ చేను తనదగునో కాదో తెలియని కౌలుదారుడు మొక్క ఎందులకు నాటును? పట్నమున నుండి కౌలుసొమ్ము మాత్రము చూచుకొను యజమాని ఎందులకు నాటించును? ఆ యిద్దఱి నడుమ నేల అనాథయగుచున్నది. ఏటేట అసలు తరగుచున్నది. ఈ దోషము రైతు అజ్ఞానమునది కాదు, ఒడంబడికది. నైజర్ రైతు మాట ఇందులకే జ్ఞాపకముంచుకొనుడంటిని.

ఒడంబడికను మార్చుట మన చేతిలోని పని. కౌలు కాగితమున నాలుగు వాక్యములు చేర్చిన చాలును. గట్టుమీది ఆకు సాగు చేయువానిది. మాను భూమి యజమానిది. ఇద్దఱి సమ్మతి లేక మొదలు నఱుకరాదు. కౌలు చేతులు మారినచో, నాటి బ్రతికించిన మొక్కకు ఇంతయని యజమాని వెళ్లిపోవువానికి చెల్లింపవలెను. కాగితము లేని కౌలైనను నలుగురి యెదుట ఈ మాట అనుకొనవచ్చును. వ్రాసి యిమ్మని అడిగినవారికి నేను ప్రతిఫలము లేకయే వ్రాసి యిత్తును. భారతదేశము 2014లో వ్యవసాయ వనసాగునకు ప్రత్యేక జాతీయ విధానమును ప్రకటించెను. అట్లు చేసిన దేశములలో మనదే మొదటిది. విధానము ఢిల్లీలో వెలువడినను, అది గట్టుమీదికి రావలసినది మన చేతుల మీదుగానే.

గ్రంథాలయమునకు ఇందు పని యున్నది. 2015లో ఆరంభమైన పథకము క్రింద రైతులకు భూసార పత్రములు ఇచ్చిరి. అందు 12 అంశములు ఉండును. చాల ఇండ్లలో అవి చూరులో చెక్కబడి యున్నవి. వానిని ఇచ్చటికి తెండు. చదువుకొనిన యువకులు అందలి అంకెలను ఒక పుస్తకమున ఎక్కింతురు. సేంద్రియ కర్బనపు గడిలో 0.5కి తక్కువయున్నచో కొఱత యనియు, 0.75కి మించినచో సమృద్ధి యనియు గ్రహింపవలెను. కొన్నేండ్ల పిమ్మట మరల పరీక్ష చేయించి, పాత అంకె ప్రక్కన కొత్త అంకెను వ్రాసినచో, గట్టున చెట్టున్న చేనికిని లేని చేనికిని గల భేదము మన యూరి లెక్కలోనే తేలును. పరాయి దేశపు పరిశోధనను నేను చెప్పగా నమ్మనక్కరలేదు. మన అడంగలులో పంట పేరు వ్రాయు గడి కలదు గాని గట్టుమీది ఆకునకు గడి లేదు. ఆ గడి గల పుస్తకమును ఈ గ్రంథాలయము తెఱచుగాక.

ఈ తొలకరికి ఇంటికి పది మొక్కల వంతున నాటుటకు ముందుకు వచ్చువారు తమ పేళ్లను గ్రంథాలయాధికారివద్ద వ్రాయింప కోరుచున్నాను. గింజలు సంపాదించు భారమును కార్యవర్గమువారు వహింప ప్రార్థన. చెట్లను నఱుకదలచినవారు, గొడ్డలి ఎత్తుటకు ముందు ఒక్కమాఱు ఈ లెక్కను మీ చేనికి మీరే వేసి చూడుడు.

గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి మన గట్లు పచ్చగా నుండుగాక యని ఆకాంక్షించుచు సెలవు తీసికొనుచున్నాను.